తెరచిన కిటికీయే కొలబద్ద

సున్నము వేసి, సామాను చేర్పక విడిచిన క్రొత్త గదిలో నిలిచి పదిమాటలు పలికినచో ఆ మాటలు వెంటనే ఆగిపోవు. నోరు మూసిన పిమ్మట కూడ కొంతసేపు గదిలో తిరుగుచున్నట్లు తోచును. అదే గదిలోనికి మంచము, పరుపు, బట్టలు, నలుగురు మనుష్యులు చేరగానే ఆ గోల అణగిపోవును. గోడలు మారలేదు, కప్పు మారలేదు. మాట మాత్రము తేటపడును. ఇది ప్రతి గృహస్థునకు తెలిసిన సంగతియే. ఐనను, ఒక పరుపు ఎంత ధ్వనిని అణచును, ఎన్ని పరుపులు చేరినచో గది మాటకు అనుకూలించును అని అడిగినచో, పందొమ్మిదవ శతాబ్ది చివరివరకు ఏ శాస్త్రజ్ఞుడును లెక్కకట్టి చెప్పజాలకపోయెను. ఆ ప్రశ్నకు సమాధానము దొరకిన చరిత్ర, నేడు ఇంటిగోడకు శబ్దశోషక పలకలు అమర్చుకొనదలచిన ప్రతివారికి పనికివచ్చును. ఎన్ని పలకలు కొనవలెనను లెక్క ఆ చరిత్రనుండియే పుట్టినది.

మొదట ఒక భేదమును గుర్తింపవలెను. కొండయెదుట నిలిచి కేక వేసినప్పుడు కొంత విరామము తరువాత మరల వినవచ్చు కేక ప్రతిధ్వని. మూసిన గదిలో అట్టి విరామముండదు. ధ్వని సెకండుకు సుమారు 340 మీటర్లు పోవును. ఐదు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తుగల గదిలో అది ఒక్క సెకండులో నూరు సార్లకు పైగా గోడలకు, నేలకు, కప్పుకు తగిలి మరలుచుండును. గట్టి సిమెంటు పూతకు తగిలినప్పుడెల్ల అది కోల్పోవునది నూటికి రెండు మూడు పాళ్ళు మాత్రమే. కావున వేలకొలది మరలిక ధ్వనులు ఒకదానిపై నొకటి పడి, ఎడతెగని మ్రోతగా నిలుచును. ఈ మ్రోతను అనురణనమందురు. ధ్వని తీవ్రత మొదటిదానిలో పదిలక్షవ వంతునకు తగ్గుటకు పట్టు కాలమును అనురణనకాలమందురు.

ఈ బాధ ప్రాచీనులకు తెలియనిది కాదు. క్రీస్తుపూర్వము మొదటి శతాబ్దిలో రోమను వాస్తువేత్త విట్రూవియస్ తన గ్రంథపు ఐదవ భాగములో, నాటకశాలల ఆసనముల నడుమ కంచుపాత్రలు అమర్చు పద్ధతిని వర్ణించెను. పందొమ్మిదవ శతాబ్దిలో మ్రోగు సభాశాలలను బాగుచేయుటకు, గోడనుండి గోడకు పైభాగమున తీగలు కట్టు ఆచారముండెడిది. ఆ తీగలవలన ప్రయోజనమేమియు లేకపోయెను. ఐనను ఒకరిని చూచి ఒకరు కట్టించుచునే యుండిరి. ఈ ఉపాయములన్నిటికిని ఒకటే లోపము. ఏ వస్తువు అమర్చవలెనో చెప్పువారు కలరుగాని, ఎంత అమర్చవలెనో చెప్పువారు లేరు. కొలతలేని చికిత్స ఫలించినను, వికటించినను కారణము తెలియదు.

ఆ కొలత అమెరికా దేశమున మసాచుసెట్స్ రాష్ట్రములోని హార్వర్డ్ విశ్వవిద్యాలయములో, ఒక పాడైన ఉపన్యాసశాలను పురస్కరించుకొని పుట్టెను. 1895లో అచట ఫాగ్ కళాప్రదర్శనశాల తెరువబడెను. దానిని రూపొందించినవాడు రిచర్డ్ మారిస్ హంట్ అను ప్రసిద్ధ వాస్తుశిల్పి. భవనము చూపునకు ఎంత సొగసైనదో, అందలి ఉపన్యాసశాల చెవులకు అంత దుర్భరమయ్యెను. అచట ఖాళీశాలలో పలికిన మాట సుమారు ఐదున్నర సెకండ్లవరకు వినవచ్చుచుండెను. ఉపన్యాసకుడు మొదటి వాక్యము ముగించి రెండవదానిలో సగము దూరము పోవువరకు మొదటి మాట గాలిలోనే యున్నదన్నమాట. విద్యార్థులకు ఒక్క ముక్కయు బోధపడకుండెను.

విశ్వవిద్యాలయాధ్యక్షుడైన చార్లెస్ ఎలియట్ ఈ శాలను చక్కదిద్దు పనిని భౌతికశాస్త్ర శాఖలోని వాలెస్ క్లెమెంట్ సేబిన్ అను యువకునకు అప్పగించెను. 1868లో ఒహాయో రాష్ట్రమున జన్మించిన సేబిన్‌కు అప్పటికి ఇరువదియేడేండ్లు. అంతకుముందు ధ్వనిశాస్త్రములో అతడు చేసిన విశేష పరిశోధన ఏదియు లేదు. సూక్ష్మధ్వనిని కొలుచు విద్యుత్పరికరములు నాటికి లేవు. అతని సాధనములు మూడే: సెకండుకు 512 కంపనముల స్వరము నిచ్చు ఆర్గన్ గొట్టమొకటి, కాలమును గుర్తించు యంత్రమొకటి, తన చెవులు. గొట్టమును ఊదించి ఆపివేయుట, ఆపిన క్షణమునుండి మ్రోత బొత్తిగా వినబడకుండు క్షణమువరకు కాలము లెక్కించుట—ఇంతియే ప్రయోగము. పగటిపూట వీధుల రొదలో ఇది సాధ్యము కాదు. కావున నగరము నిద్రించిన పిమ్మట అర్ధరాత్రి మొదలుపెట్టి తెల్లవారుజామువరకు పని చేయవలసివచ్చెను.

సమీపమున సాండర్స్ థియేటరను మరియొక సభాశాల యుండెను. అందలి ఆసనములపై పరచు మెత్తలను సేబిన్ ఎరువు తెప్పించెను. మొదట కొన్ని మెత్తలను ఫాగ్ శాలలో పరచి కాలము కొలిచెను. మరికొన్ని చేర్చి మరల కొలిచెను. ఇట్లు కొంచెము కొంచెముగా చేర్చుచు పోగా అనురణనకాలము మెట్టు మెట్టుగా దిగివచ్చెను. అన్ని ఆసనములను, నడవలను, వేదికను, వెనుక గోడను మెత్తలతో కప్పివేయునప్పటికి అది సెకండు పైచిలుకునకు తగ్గెను. ఈ కొలతలలో అతని నియమనిష్ఠలు ఆశ్చర్యము గొలుపును. పరిశీలకుడు ధరించిన దుస్తులు సహితము ఫలితమును మార్చుచున్నవని కనుగొని, అంతకుముందు శ్రమించి వ్రాసికొనిన కొలతలను వేలకొలదిగా త్రోసివేసి, అది మొదలు ప్రయోగవేళల ఎల్లప్పుడును ఒకే విధమైన దుస్తులను ధరించెనట.

ఇచట ఒక చిక్కు వచ్చెను. సాండర్స్ మెత్త ఇన్ని మీటర్లని చెప్పిన, ఆ మెత్త చూడని మరియొక ఊరివారికి ఏమి తెలియును? మన పూర్వులు మూరతో గుడ్డ కొలిచినప్పుడు ఎవని మూర యను వివాదము వచ్చినట్లే, ధ్వనిని పీల్చు శక్తికిని అందరికి సమ్మతమైన కొలబద్ద కావలసివచ్చెను. సేబిన్ ఎన్నుకొనిన కొలబద్ద మిక్కిలి సులభమైనది, అందరి యింటిలో నున్నది. అది తెరచిన కిటికీ. కిటికీలోనుండి వెలుపలికి పోయిన ధ్వని మరల లోనికి రాదు. కావున ఒక చదరపు మీటరు తెరచిన కిటికీ ఒక సంపూర్ణ ప్రమాణము. మెత్తలు, తివాసీలు, గోడపూత, చెక్క, కూర్చున్న మనుష్యులు—వీనిలో ప్రతియొకటియు ఎంత కిటికీకి సమానమో అతడు కొలిచి పట్టికలు వ్రాసెను. ఒక వస్తువు ఒక చదరపు మీటరునకు అర చదరపు మీటరు కిటికీ పని చేసినచో, దాని శోషణ గుణకము 0.5. ఈ ప్రమాణమునకే తరువాతివారు ఆయన పేరిట సేబిన్ అని నామకరణము చేసిరి.

1898 శరత్కాలమున, పేరుకొనియున్న కొలతలను తిరుగవేయుచుండగా, వానియందు దాగియున్న నియమము ఆయనకు గోచరించెను. అనురణనకాలము గది ఘనపరిమాణముతో పెరుగును. గదిలోని మొత్తము శోషణముతో తరుగును. నేడు వాడుకలోనున్న రూపములో చెప్పినచో, గది ఘనపరిమాణమును ఘనపు మీటర్లలో తీసికొని 0.161 చేత గుణించి, మొత్తము శోషణముచే భాగించిన వచ్చునది అనురణనకాలము, సెకండ్లలో. అడుగులలో కొలుచువారు 0.161కు బదులు 0.049 వాడవలెను. ఐదవ తరగతి బాలుడు చేయదగిన గుణకార భాగహారములే ఇవి. కాని వీనిని చేయుటకు కావలసిన అంకెలను సంపాదించుటకు మూడేండ్ల రాత్రులు పట్టినవి. ఫాగ్ శాల గోడలకు ఫెల్టు పొరలు అమర్పగా అది ఉపన్యాసములకు పనికివచ్చునదయ్యెను.

ఈ సూత్రమునకు గొప్ప పరీక్ష వెంటనే వచ్చెను. బోస్టన్ నగర వాద్యబృంద స్థాపకుడైన హెన్రీ లీ హిగిన్సన్, మెకిమ్, మీడ్, వైట్ అను వాస్తుశిల్పుల సంస్థచే క్రొత్త సంగీతశాలను కట్టింపదలచి, సేబిన్ సలహా కోరెను. పునాది పడకమునుపే ఒక శాల ఎట్లు మ్రోగునో కాగితముమీద లెక్కకట్టుట చరిత్రలో ఇదియే మొదటిసారి. 1900 అక్టోబరు 15వ తేదీన తెరువబడిన ఆ సింఫనీ హాలు నేటికిని లోకములోని మేలైన సంగీతశాలలలో నొకటిగా పేరుపొందియున్నది. ఐతే ఒక విశేషము కలదు. శ్రోతలతో నిండిన శాలకు సేబిన్ లెక్కించిన కాలము 2.31 సెకండ్లు; తరువాతి కాలమున నవీన పరికరములతో కొలువగా వచ్చినది 1.9 సెకండ్ల లోపుగానే. శ్రోతలను తలకొక లెక్కగాక, వారు ఆక్రమించు నేలవైశాల్యమునుబట్టి లెక్కింపవలెనని ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున తేలెను. లెక్క కొంత తప్పినను శాల చెడలేదు. సరియైన కొలబద్ద చేతనున్నప్పుడు లెక్కలోని పొరపాటు సహితము దిద్దుకొనదగినదిగా నుండునని ఇందువలన తెలియుచున్నది.

అటుపిమ్మట ధ్వనిని పీల్చు వస్తువుల తయారీ ఒక పరిశ్రమయ్యెను. సేబిన్, రఫాయెల్ గ్వాస్టవీనోతో కలిసి సూక్ష్మరంధ్రములుగల కట్టడపు పెంకులను కల్పించెను. 1919లో సేబిన్ మరణించిన పిమ్మట, ఇల్లినాయ్ రాష్ట్రములోని రివర్‌బ్యాంక్ ప్రయోగశాలలో ఆయన బంధువైన పాల్ సేబిన్ వస్తువుల గుణకములను కొలుచు పనిని కొనసాగించెను. 1920 తరువాతి దశాబ్దములో లూసియానా ప్రాంతమున చెరకుపిప్పిని అదిమి చేసిన పలకలు సెలోటెక్సను పేర బజారుకు వచ్చెను. వానికి చిల్లులు పెట్టినవి శబ్దశోషక పలకలుగా విరివిగా అమ్ముడుపోయెను. మన చెరకు పొలముల గానుగలవద్ద పొయ్యిలో కాల్చు పిప్పియే అచట అంగళ్ళ కప్పులకు, కార్యాలయముల గోడలకు ఎక్కెను.

అదే కాలమున రేడియో జన్మించెను. మైక్రోఫోను మన చెవివలె మ్రోతను ఉపేక్షింపదు. గదిలోనున్నదంతయు యథాతథముగా పట్టియిచ్చును. పిట్స్‌బర్గులోని కెడికెఎ కేంద్రమువారు 1921లో వాద్యగోష్ఠిని కట్టడపు కప్పుమీద గుడారములో జరిపించి, మ్రోత లేకుండుట చూచి సంతోషించిరి. గాలివాన గుడారమును ఎగురగొట్టగా, దానిని ఇంటిలోపల వేసికొనిరి. తరువాత స్టూడియో గోడలకు గోనెపట్టాలు దిగవేసిరి. లండనులో 1923లో బిబిసివారు సేవాయ్ హిల్ స్టూడియోలను దట్టమైన తెరలతో ఆపాదమస్తకము కప్పిరి. ఇక్కడ వ్యతిరేక దోషము బయటపడెను. గాత్రము ఎండిపోయినట్లు వినబడెను. వాద్యకారులకు తమ వాద్యపు పలుకు తమకే అందదాయెను. రానురాను ఆ తెరలను తగ్గింపవలసివచ్చెను. మ్రోత యెక్కువైన మాట చెడును. బొత్తిగా లేకున్న ప్రాణము పోవును. మిక్కిలి శోషణముగల గదులలో సేబిన్ సూత్రము సరిగా నడువదని గ్రహించి, 1930లో కార్ల్ ఐరింగ్ దానికి సవరణ చేసెను. తెలుగు శ్రోతలకు పరిచితములైన ఆకాశవాణి స్టూడియోల గోడలపై కనిపించు చిల్లుల పలకలు ఈ పరంపరలోనివే.

ఇప్పుడు ఈ జ్ఞానమును మన యింటికి అన్వయింతము. పైని చెప్పిన ఐదు, నాలుగు, మూడు మీటర్ల గదినే తీసికొందము. దాని ఘనపరిమాణము 60 ఘనపు మీటర్లు. గోడలు 54, నేల 20, కప్పు 20, వెరసి 94 చదరపు మీటర్లు. సిమెంటు పూతకు, రాతి నేలకు గుణకము సగటున 0.03 అనుకొన్నచో మొత్తము 2.8 ప్రమాణములు. 60ని 0.161 చేత గుణింపగా 9.66, దానిని 2.8 చేత భాగింపగా దాదాపు మూడున్నర సెకండ్లు. మంచము, కుర్చీలు, పుస్తకముల బీరువా, ఒకరిద్దరు మనుష్యులు చేరి మొత్తము శోషణము 5 ప్రమాణములైనదనుకొందము. అనురణనకాలము 1.9 సెకండ్లకు దిగును. మాట, రేడియో, సంగీతము వినుటకు 0.8 సెకండు చాలును. అందుకు కావలసిన శోషణము 9.66ను 0.8 చేత భాగింపగా వచ్చు 12.1. ఉన్నది 5, లోటు 7.1.

ఐదు సెంటీమీటర్ల మందముగల గాజుదూది లేక రాతిదూది పలకకు మధ్యమస్వరములవద్ద గుణకము 0.8గా గ్రహింపవచ్చును. ఐతే పలక కప్పివేసిన గోడ ఇంతకుముందే 0.03 పీల్చుచుండెను గదా! దానిని తీసివేసిన నికరలాభము 0.77. 7.1ని 0.77 చేత భాగింపగా 9.2 చదరపు మీటర్లు. పలక ఒక్కొక్కటి 1.2 మీటర్ల పొడవు, 0.6 మీటరు వెడల్పు, అనగా 0.72 చదరపు మీటరు. పదుమూడు పలకలు కావలసివచ్చును. ఇంత వ్యయము భారమైనచో, మడతలుగా వ్రేలాడు మందపు తెరను నాలుగు చదరపు మీటర్లమేర దింపవచ్చును. దాని గుణకము 0.5 అనుకొన్న నికరముగా 1.9 లభించును, మిగిలిన 5.2 లోటునకు పది పలకలు చాలును. తెర మడతలు పడవలెను గావున, కప్పవలసిన మేరకు రెట్టింపు బట్ట కొనవలెను.

పది పలకల సామగ్రి యిది. దూది 7.2 చదరపు మీటర్లు. ఒక్కొక్క చట్రమునకు చుట్టుకొలత 3.6 మీటర్లు, పదింటికి 36. కోతలలో పోవు తరుగు పదవవంతు చేర్చి చెక్క రీపర్లు 40 మీటర్లు తెప్పించుకొనవలెను. బట్టను నాలుగు ప్రక్కల పది సెంటీమీటర్ల చొప్పున వెనుకకు మడవవలెను గావున ఒక్కొక్క పలకకు 1.4 మీటర్లకు 0.8 మీటరు కావలెను. మీటరున్నర పన్నాగల బట్టయైనచో ఎనిమిది మీటర్లు సరిపోవును. బట్టను నోటివద్ద పెట్టి ఊదినచో గాలి ఆవలికి పోవలెను. పోనిచో ధ్వనియు పోదు. గాజుదూది చర్మమునకు దురద పుట్టించును; చేతితొడుగులు, ముక్కునకు గుడ్డ లేక పనికి పూనుకొనరాదు.

పలకలను గోడకు అంటించుటకంటె నాలుగైదు సెంటీమీటర్ల ఖాళీ విడిచి అమర్చుట మేలు. మంద్రస్వరముల తరంగము పొడవైనది. సెకండుకు 1000 కంపనముల ధ్వని తరంగము 34 సెంటీమీటర్లు కాగా, 100 కంపనములది 3.4 మీటర్లు. పలుచని పలక మొదటిదానిని పట్టును గాని రెండవది దానిని లక్ష్యపెట్టదు. వెనుకనున్న ఖాళీ ఈ లోపమును కొంత తీర్చును. పలకలన్నియు ఒకే గోడకు చేర్చుట కూడ తగదు. ఎదురెదురు గోడలకు పంచినచో తక్కువ సామగ్రికే ఎక్కువ ఫలము కలుగును.

ఈ పలకలవలన పొరుగింటి రొద ఆగదు. వెలుపలి ధ్వనిని ఆపుటకు బరువైన గోడ, సందులేని తలుపు కావలెను. మెత్తని దూది లోపలి మ్రోతను మాత్రమే పీల్చును. కోడిగ్రుడ్ల అట్టతట్టలు గోడకు అతికించు వాడుక కూడ కొన్నిచోట్ల కలదు. అవి పలుచనివి, చేయు మేలు స్వల్పము, అంటుకొను భయము అధికము.

నిప్పు విషయములో అలక్ష్యము ప్రాణాంతకము. 2003 ఫిబ్రవరి 20వ తేదీ రాత్రి అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రమున స్టేషన్ అను నృత్యశాలలో గోడలకు అతికించిన పాలియురెథేన్ స్పంజికి బాణసంచా రవ్వలు తగిలి నూరుగురు మరణించిరి. 2013 జనవరి 27వ తేదీన బ్రెజిల్‌లోని శాంతా మరియా నగరమున కిస్ అను శాలలో అదే విధముగా శబ్దశోషక స్పంజి అంటుకొని 242 మంది ప్రాణములు కోల్పోయిరి. అందు పెక్కుమందిని బలిగొన్నది మంటకంటె విషపుపొగయే. చౌకయను ఆశతో ఆ స్పంజిని ఇంటిలోనికి తీసికొనిరాదగదు. గాజుదూది, రాతిదూది స్వభావముచే మండనివి. పైకప్పు బట్ట, జిగురు కూడ ఎట్టివో విచారించియే కొనవలెను. పలకలను వంటపొయ్యికి, దీపమునకు, స్విచ్చిబోర్డునకు దూరముగా నుంచవలెను.

లెక్క ఎంత జాగ్రత్తగా వేసినను గుణకములు సుమారు అంకెలే. బోస్టను శాలలో సేబిన్ లెక్కయే కొంత తప్పినప్పుడు మన లెక్క తప్పుటలో వింతలేదు. కావున లెక్కకు వచ్చిన పలకలలో సగము మాత్రమే మొదట చేయించి, గోడకు అమర్చి, గదిలో చప్పట్లు కొట్టి, రేడియో పెట్టి వినవలెను. చాలనిచో రెండేసి చొప్పున చేర్చుచు పోవలెను. మాట తేటపడి, పాటలోని జీవము తరుగకమునుపే ఆగవలెను. ఫాగ్ శాలలో మెత్తలు కొంచెము కొంచెముగా చేర్చుచు సేబిన్ అవలంబించిన పద్ధతి ఇదియే. గృహస్థుని సొమ్మును కాపాడు పద్ధతియు ఇదియే.